ఆ తిట్టు సినిమాకా, ఓటుకా? సరిహద్దు తెలుగువాళ్ల కోసం బాట్లు, ప్రచార గుంపులను పోల్చుకునే మార్గదర్శి

ఇచ్ఛాపురంలో తొలి ఆట ఇంటర్వెల్‌కి రాకముందే సరిహద్దుకి ఇవతల, ఒడిశాలోని బరంపురం వాట్సాప్ గ్రూపుల్లో తీర్పు వచ్చేస్తుంది. "ఏటిరా బావా, సినిమా పోయిందట కదా!" అని ఒకరు. "పోనేదు, డబ్బులిచ్చి తిట్టిస్తన్నారు, అంతా పెయిడ్ బ్యాచ్" అని ఇంకొకరు. సాయంత్రమయ్యేసరికి ఆ గొడవలో సినిమా ఉండదు. హీరో కులం, వాళ్ల చుట్టాల పార్టీ, మొన్నటి ఎన్నికల లెక్కలు ఉంటాయి.

చిత్రమేమిటంటే, ఇలా కొట్టుకునే మనలో చాలామందికి ఆంధ్రలో ఓటే లేదు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఉన్న తెలుగువాళ్లం 1936 ఏప్రిల్ 1 నుంచి ఒడిశా వాళ్లం. మన రేషన్ కార్డు, బడి, ఎమ్మెల్యే అన్నీ ఇక్కడివే. సినిమా మాత్రం అటువైపుది. ఫోన్‌కి మన చిరునామాతో పనిలేదు. తెలుగు సినిమా చూస్తున్నామంటే చాలు, విజయవాడ ఓటరుకి వేసే మేతే మనకూ వేస్తుంది.

ఈ మార్గదర్శికి ప్రత్యేక పరికరాలేవీ అక్కర్లేదు. ఫోన్, ఓపిక చాలు. ఒకప్పుడు ఇండియానా యూనివర్సిటీ వాళ్ల బోటోమీటర్ ఉండేది, ఖాతా పేరు కొడితే అది బాట్ అయ్యే అవకాశం ఎంతో చెప్పేది. 2023లో ట్విటర్ (ఇప్పటి ఎక్స్) తన డేటాను ఉచితంగా ఇవ్వడం మానేశాక దానికి కాళ్లు విరిగాయి. ఇప్పుడు మన కళ్లే గతి.

ముందు: దేన్ని లెక్కపెడుతున్నామో తేల్చుకోవడం

"బాట్" అన్న మాటను మనవాళ్లు తిట్టుగా వాడేస్తున్నారు. నిజానికి మన ముందుకొచ్చే గుంపులో నాలుగు రకాలుంటాయి. ఒకటి, మనిషి ప్రమేయం లేకుండా ప్రోగ్రాం నడిపే ఖాతా. అసలైన బాట్ అంటే ఇదే. రెండు, ముసుగు ఖాతా. బరంపురం ఠాకురాణి యాత్రలో వేషం కట్టినట్టు ఒకే మనిషి పది పేర్లతో తిరుగుతాడు, కాకపోతే యాత్రలో అది వేషమని అందరికీ తెలుసు. మూడు, కూలికి లేదా పార్టీ మీద అభిమానంతో పనిగట్టుకుని రాసేవాడు. వాడు నిజమైన మనిషే, వాడి లక్ష్యం మాత్రం సినిమా కాదు. నాలుగు, రెండొందలు పెట్టి టికెట్ కొని నిజంగా విసుగెత్తిన ప్రేక్షకుడు.

ఈ విభజన ఎందుకంత ముఖ్యమో చెప్పే ఉదాహరణ హాలీవుడ్‌ది. 2017 డిసెంబరులో వచ్చిన స్టార్ వార్స్ చిత్రం 'ది లాస్ట్ జెడై' మీద ఆన్‌లైన్‌లో పెద్ద యుద్ధం జరిగింది. మోర్టెన్ బే అనే పరిశోధకుడు ఆ దర్శకుడికి నేరుగా పంపిన 967 ట్వీట్లు తీసుకుని పరిశీలించి, 2018లో ఫలితాలు బయటపెట్టాడు. అందులో వ్యతిరేకంగా రాసినవి 206 ఖాతాలు. వాటిలో 105, అంటే సగం పైచిలుకు, మామూలు ప్రేక్షకులవి కావని తేల్చాడు. పత్రికలు వెంటనే "తిట్టినవాళ్లలో సగం రష్యా బాట్లు" అన్న ధోరణిలో శీర్షికలు పెట్టాయి. లోపలికి వెళ్లి చూస్తే ఆ 105లో బాట్లు 11. ముసుగు ఖాతాలు, ట్రోల్స్ కలిపి 33. వీటిలోనే రష్యావి అయ్యుండొచ్చని ఆయన అనుమానించినవి 16. మిగతా 61 ఖాతాలు రాజకీయ అజెండాతో రాస్తున్న మనుషులవి.

ఆ 61 ముందు ఆ 11 ఎంత? అందుకే ఈ ఖాతా యంత్రమా మనిషా అని గంటలు గంటలు తవ్వడం కంటే, ఈ మాట సినిమా గురించా ఓటు గురించా అని చూడటమే మనకు లాభం. అన్నట్టు, ఆ 206లో మిగిలిన 101 మందికి ఆ సినిమా నిజంగానే నచ్చలేదు. ఆ సంగతి ఏ శీర్షికలోకీ ఎక్కలేదు.

మొదటి అడుగు: ఫోన్ తెరిచే ముందు ఒక వాక్యం

సినిమా చూసి బయటికి రాగానే, గ్రూపు తెరవక ముందే, మీ అభిప్రాయం ఒక్క వాక్యంలో నోట్స్‌లో రాసుకోండి. "సెకండాఫ్ సాగింది, పాటలు బాగున్నాయి." అంతే. రాత్రికి మీరు గ్రూపులో వాదిస్తున్నది, ఆ నోట్స్‌లో ఉన్నది ఒకటేనా అని సరిచూసుకోవచ్చు.

రెండో అడుగు: మాట ఎక్కడ పుట్టిందో వెనక్కి వెళ్లడం

వాట్సాప్‌లో వచ్చిన సందేశం మీద రెండు బాణాల గుర్తుతో "ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్" అని ఉంటే, అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. పంపినది మీ మేనమామే కావచ్చు, రాసింది ఆయన కాదు. 2018లో మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకే ఫార్వర్డ్ చేసేలా, 2020 ఏప్రిల్ నుంచి రెండు బాణాలున్నవి ఒక్కో చాట్‌కే పంపేలా వాట్సాప్ కట్టడి చేసింది. అయినా అది మీదాకా వచ్చిందంటే ఎవరెవరో ఓపిగ్గా ఒక్కొక్క గ్రూపుకీ మోశారన్నమాట.

ఆ సందేశంలోంచి కాస్త వింతగా ఉన్న ఆరేడు పదాల ముక్క కాపీ చేసి, డబుల్ కోట్స్ మధ్య పెట్టి ఎక్స్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ వెతకండి. "మొత్తానికి కథ లేని సినిమా" లాంటి ముక్కతో లాభం లేదు, అలా వందమంది విడివిడిగానే రాస్తారు. అక్షరదోషం ఉన్న ముక్క దొరికితే పండగే. అదే దోషంతో పాతిక ఖాతాల్లో కనిపిస్తే ఆ పాతికా ఒకే చోట నుంచి కాపీ అయినట్టే.

తర్వాత టైం. ఎక్స్‌లో అడ్వాన్స్‌డ్ సెర్చ్‌కి వెళ్లి, తేదీలు పెట్టి, అన్నిటికంటే పాత పోస్టు దాకా దిగండి. సినిమా ఎక్కడా పడకముందే "డిజాస్టర్" అనో "ఇండస్ట్రీ హిట్" అనో పడితే విషయం తేలిపోయినట్టే. ఇక్కడ మాత్రం తొందరపడకూడదు. అమెరికా ప్రీమియర్లు మనకంటే ముందు పడతాయి. అక్కడ తూర్పు తీరంలో మధ్యాహ్నం రెండంటే చలికాలంలో మనకు అర్ధరాత్రి పన్నెండున్నర. రెండు ముప్పావు గంటల సినిమాకి తెల్లవారుజామున మూడున్నరకల్లా నికార్సైన అభిప్రాయం వచ్చేయొచ్చు. "మన దగ్గర షోనే పడలేదు, వీడికెలా తెలుసు, బాట్!" అని గ్రూపులో అరిచేవాళ్లు ఈ లెక్క మర్చిపోతారు.

మూడో అడుగు: ఖాతా గడప తొక్కడం

ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫైల్ మీద మూడు చుక్కలు నొక్కితే "అబౌట్ దిస్ అకౌంట్" వస్తుంది. ఖాతా ఎప్పుడు మొదలైందో, చాలా ఖాతాలకు పాత పేర్లేమిటో కూడా చెబుతుంది. ఎక్స్‌లో చేరిన తేదీ నొక్కితే ఇలాంటి పేజీయే తెరుచుకుంటుంది. ఖాతా ఏ దేశం నుంచి నడుస్తోందో, పేరు ఎన్నిసార్లు మారిందో 2025 నవంబరు నుంచి చూపిస్తున్నారు. ఫేస్‌బుక్ పేజీకైతే "పేజ్ ట్రాన్స్‌పరెన్సీ" ఉంది.

వీటిలో నేను ఎక్కువ విలువిచ్చేది పేరు మార్పుకి. నిన్నటిదాకా వంటల పేజీ, నేడు ఒక హీరో ఫ్యాన్స్ పేజీ, మధ్యలో ఎన్నికల నెలలో ఒక పార్టీ యువసేన. ఇలాంటి చరిత్ర ఉంటే ఆ పేజీని ఫాలోయర్లతో సహా అమ్మారు లేదా అద్దెకిచ్చారు అనుకోవచ్చు. దేశం పేరుకి అంత విలువ వద్దు. దుబాయ్‌లో, టెక్సాస్‌లో మనవాళ్లు బోలెడుమంది ఉన్నారు, ఉన్న చోటును దాచే వీపీఎన్ పెట్టుకుంటే రాయగడలో ఉన్నవాడూ సింగపూర్‌లో కనిపిస్తాడు.

కొన్ని గుర్తులు మనల్ని తప్పుదోవ పట్టిస్తాయి. పేరు చివర ఎనిమిది అంకెలుంటే బాట్ అంటారు. ఎక్స్ కొత్తవాళ్లకి తానే అంకెలు తగిలించి పేరిస్తుంది, మార్చుకోవడం తెలియని మా వీధి తాతగార్లందరికీ అవే ఉంటాయి. డీపీలో హీరో బొమ్మ ఉంటే ఫేక్ అంటారు. తెలుగు ట్విటర్‌లో సొంత మొహం పెట్టుకున్నవాడే అరుదు! అసలు చూడాల్సింది నిద్ర. మనిషన్నవాడు ఐదారు గంటలైనా పోస్టు పెట్టకుండా ఉంటాడు. వారం పోస్టులు కిందికి జరుపుతూ వెళ్లండి, రోజూ ఒకే వేళ ఖాళీ కనిపిస్తే మనిషి. ఇరవై నాలుగ్గంటలూ నిమిషాల తేడాతో మోగుతూనే ఉంటే యంత్రం, లేదా షిఫ్టుల మీద పనిచేస్తున్న జనం. ఎవరైనా అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబిచ్చాడా లేదా అన్నది ఇంకో మంచి పరీక్ష. ఈమధ్య ఏఐ పుణ్యమా అని జవాబులిచ్చే బాట్లూ వచ్చాయి కాబట్టి దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి.

నాలుగో అడుగు: చెట్టును వదిలి తోపును చూడటం

ఒక్క ఖాతాను ఎంత తవ్వినా అనుమానమే మిగులుతుంది. గుంపును చూస్తే విషయం బయటపడుతుంది. ఒక హ్యాష్‌ట్యాగ్ కింద వరసగా ఇరవై పోస్టులు తీసుకోండి, ఏరుకోకుండా. అందులో సినిమాలోని ఒక సన్నివేశం గురించి, ఒక నటన గురించి, ఒక పాట గురించి నిర్దిష్టంగా చెప్పినవి ఎన్ని? ఒకే ఫొటో, ఒకే వాక్యం, చివర ఒకటి రెండు మూడు అంటూ అంకెలు మార్చి మళ్లీ మళ్లీ వేసినవి ఎన్ని?

రెండో రకం మన దగ్గర అభిమానులే బాహాటంగా చేస్తారు. "సాయంత్రం ఆరింటికి ట్యాగ్, అందరూ రెడీగా ఉండండి" అని ముందురోజే ప్రకటిస్తారు. అది బాట్ కాదు, సంఖ్యాబలం చూపించే సరదా. కాకపోతే "పది లక్షల ట్వీట్లు" అన్న పోస్టరు చూసి పది లక్షల మంది అనుకోకూడదు. ఒక్కో కుర్రాడు ఐదొందలు కొట్టి ఉంటాడు.

పొగడ్త గుంపును కూడా ఇదే కళ్లతో చూడాలి. ఈ విషయంలో మనవాళ్లకి పక్షపాతం ఎక్కువ, తిట్టేవాళ్లే నకిలీ అనుకుంటారు. ఒక సూపర్ హీరో సినిమా దర్శకుడి వెర్షన్ విడుదల చేయాలని హాలీవుడ్‌లో సాగిన ప్రచారం మీద ఆ స్టూడియో యాజమాన్యమే నివేదికలు తెప్పించుకుంది. ఆ చర్చలో పాల్గొన్న ఖాతాల్లో కనీసం 13 శాతం నకిలీవని, మామూలుగా ఇలాంటి చర్చల్లో అది 3 నుంచి 5 శాతమే ఉంటుందని ఆ నివేదికల ఆధారంగా 2022లో రోలింగ్ స్టోన్ పత్రిక రాసింది. అది తిట్టే ఉద్యమం కాదు, అభిమానుల ఉద్యమం.

రేటింగుల సంగతి, క్లుప్తంగా

సగటు అంకె చూడకండి, పంపకం చూడండి. సినిమా రేటింగుల సైట్ ఐఎండీబీలో రేటింగ్ మీద నొక్కితే ఒకటి నుంచి పది దాకా ఎన్ని ఓట్లు పడ్డాయో వస్తుంది. పదులూ ఒకట్లూ రెండు కొండలై, మధ్యలో ఐదు, ఆరు, ఏడు లోయలా ఉంటే అక్కడ ప్రేక్షకులకంటే సైన్యాలే ఎక్కువ. ఈ బాధ పడలేకే రాటెన్ టొమాటోస్ అనే రివ్యూల సైట్ 2019లో విడుదలకు ముందు జనం ఆసక్తిని చూపే శాతాన్ని ఎత్తేసి, టికెట్ కొన్నట్టు రుజువైనవాళ్ల రేటింగ్‌ను విడిగా చూపడం మొదలుపెట్టింది. యూట్యూబ్ 2021 నవంబరులోనే డిస్‌లైకుల సంఖ్యను దాచేసింది. కాబట్టి కొత్త టీజర్‌కి "రెండు లక్షల డిస్‌లైకులు" అని స్క్రీన్‌షాట్ వస్తే, అది బ్రౌజర్‌కి తగిలించే బయటి ఎక్స్‌టెన్షన్ వేసిన అంచనా, లేదా ఎవడో చేతితో తయారుచేసిన బొమ్మ.

ఐదో అడుగు: పార్టీని తీసేసి చదవడం

అసలు పని ఇక్కడే ఉంది, దీనికి ఎక్కువ సమయం పెట్టండి.

తెలుగునాట సినిమా, రాజకీయం విడిగా ఎప్పుడున్నాయని? ఎన్టీఆర్ 1982లో తెలుగుదేశం పెట్టారు, చిరంజీవి 2008లో ప్రజారాజ్యం, పవన్ కల్యాణ్ 2014లో జనసేన. అందుకని సినిమా మాటలో రాజకీయం కలిసినంత మాత్రాన అది ప్రచారం అనేయలేం. ఒక సినిమా ఒక నాయకుణ్ని గుర్తుచేసేలా తీస్తే, దాని గురించి రాజకీయంగా మాట్లాడటం సబబే. మనం వెతకాల్సింది సినిమాను సాకుగా పెట్టుకున్న మాట.

దానికి నా పద్ధతి ఇది. పోస్టును కాపీ చేసి నోట్స్‌లో పెట్టండి. హీరో పేరు, వాళ్ల నాన్న, మామల పేర్లు, కులం, పార్టీ రంగు, నాయకుల ముద్దుపేర్లు అన్నీ కొట్టేయండి. ఏమైనా మిగిలిందా? "సెకండాఫ్‌లో విలన్ పాత్ర తేలిపోయింది, ఆ కోర్టు సీను అతకలేదు" అని మిగిలితే అది సమీక్ష, కూతలెన్ని ఉన్నా సరే. ఏమీ మిగలకపోతే అది ఎన్నికల కరపత్రం.

తర్వాత, అది ఏ ఊరి సమస్యో అడగండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో టికెట్ల గరిష్ఠ ధరలు నిర్ణయిస్తూ జీవో ఇచ్చింది, 2022 మార్చిలో మరో జీవోతో వాటిని సవరించింది. ఆ మధ్యకాలంలో వచ్చిన పెద్ద సినిమాల మీద అభిప్రాయాలన్నీ దాదాపు ఆ జీవో మీద అభిప్రాయాలే. ఆ జీవో ఆంధ్రలోని పాతపట్నంలో చెల్లేది, పక్కనే ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో చెల్లేది కాదు. అయినా పర్లాకిమిడి కుర్రాళ్లు టికెట్ ధర మీద తలలు పగలగొట్టుకున్నారు, తమ ఊరి టికెట్ ధర ఎంతో చూసుకోకుండా. ఇక్కడ మనకో వెసులుబాటు ఉంది. ఆ ఓటు మనది కాదు గనక, ఈ కోపం వల్ల ఎవరికి లాభం అని తాపీగా అడగగలం. గుంటూరులో ఉన్నవాడికి అంత తీరిక ఉండదు.

మూడోది, ఫేస్‌బుక్ యాజమాన్యం మెటా నడిపే ప్రకటనల భండారం, మెటా యాడ్ లైబ్రరీ. ఇది చాలామందికి తెలియని సాధనం. అందులో దేశం ఇండియా అని పెట్టి, ఎన్నికలు, రాజకీయాల విభాగం ఎంచుకుని, మీకు మీమ్స్ పంపే ట్రోల్ పేజీ పేరు కొట్టండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో రాజకీయ ప్రకటనలను ఏడేళ్లపాటు అక్కడ ఉంచుతారు. ఎవరు డబ్బు కట్టారు, సుమారుగా ఎంత, ఏ రాష్ట్రాల్లో చూపించారు అన్నీ ఉంటాయి. ఏడాదంతా కామెడీ మీమ్స్ వేస్తూ ఎన్నికల రెండు నెలలు మాత్రం డబ్బు పెట్టి ఒకే పార్టీని మోసిన పేజీ, ఈ శుక్రవారం సినిమా మీద వేసే జోకును ఏ కంటితో చూడాలో మీకే తెలుస్తుంది. అక్కడ ఏమీ దొరకకపోతే ఆ పేజీ శుద్ధమైనదని కాదు. డబ్బు పెట్టి ప్రకటన వేయలేదని మాత్రమే.

మన జిల్లాలకే ప్రత్యేకమైన ప్రమాదం ఇంకొకటి ఉంది, భాష. సినిమా గొడవలో మొదలై "ఒడియావాళ్లు మన సినిమా పోస్టర్లు చింపేశారు" అనో, అటునుంచి "తెలుగువాళ్లు మన హాళ్లు ఆక్రమించారు" అనో మలుపు తిరిగే ఫార్వర్డ్‌ను మిగతావాటిలా తేలిగ్గా చూడకూడదు. కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులోని కొఠియా 21 ఊళ్ల తగాదా 1968 నుంచి సుప్రీంకోర్టు మెట్లెక్కుతూనే ఉంది, 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపినప్పుడు మళ్లీ రాజుకుంది. అలాంటి ఎండుగడ్డి ఉన్న చోట పోస్టరు చిరిగిన ఫొటో చాలు. ఆ ఫొటోను బొమ్మతో వెతికే గూగుల్ లెన్స్‌లో పెట్టి పాతదేమో చూడండి, ఏ ఊరి హాలో చూడండి. రెండు భాషలూ చదవగలగడం మన బలం. అదే రోజు ఒడియా గ్రూపుల్లో ఏం తిరుగుతోందో ఒక ఒడియా స్నేహితుణ్ని అడగండి. రెండు వైపులా అదే ఫొటో ఎదురు మాటలతో తిరుగుతుంటే దాన్ని వేసినవాడికి ఏ భాషా అక్కర్లేదన్నమాట.

ఆరో అడుగు: తేలినదాన్ని తేలినంతే చెప్పడం

ఇంత చూశాక గ్రూపులో "వీళ్లంతా బాట్లు" అని రాయకండి. "నేను చూసిన ఇరవై పోస్టుల్లో తొమ్మిది ఒకే వాక్యం, సినిమాలో ఏముందో ఒక్కటీ చెప్పలేదు" అని రాయండి. మొదటి మాటకు ఎదుటివాడు రెచ్చిపోతాడు, రెండో దానికి తానూ వెళ్లి చూస్తాడు. సినిమా పోయినప్పుడు "బాట్లు ముంచేశాయి" అనడం నిర్మాతలకూ సులువైపోయింది. బాట్లు ఉన్నా సరే, సినిమా బాగోకపోవచ్చు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

పైగా అబద్ధాన్ని ఎక్కువ మోసేది మనమే. ఎంఐటీ పరిశోధకులు 2006 నుంచి 2017 దాకా ట్విటర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి 2018లో సైన్స్ పత్రికలో రాశారు. నిజం కంటే అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం 70 శాతం ఎక్కువ. బాట్లు రెండింటినీ సమానంగానే మోశాయట, తేడా తెచ్చింది మనుషులే.

ఏడో అడుగు: చేయాల్సినవి

పెద్దవాళ్లు పంపినదాన్ని గ్రూపులో అందరిముందు ఖండించొద్దు. విడిగా, "మావయ్యా, మీరు పంపినది చూశాను. అందులో ఫొటో పాతదండీ, లింకు పెడుతున్నాను, వీలైతే గ్రూపులోంచి తీసేద్దురూ" అంటే తీసేస్తారు. గ్రూపులో అంటే పరువుకి పోయి ఇంకో మూడు పంపుతారు.

తిట్టుపోస్టును కోట్ చేసి తిట్టకండి, దాన్ని మీరే నలుగురికి చేరవేసినట్టవుతుంది. చూపించాల్సి వస్తే పేర్లు చెరిపిన స్క్రీన్‌షాట్ చాలు. అడ్మిన్ అయితే విడుదల రోజు ఉదయం గ్రూపును కాసేపు "అడ్మిన్లు మాత్రమే" అని పెట్టుకోవచ్చు, ఎవరి సందేశాన్నైనా అందరికీ కనబడకుండా తొలగించనూ వచ్చు.

డబ్బు తీసుకుని సమీక్ష చేసి ఆ సంగతి చెప్పని ఇన్‌ఫ్లుయెన్సర్ల విషయానికొస్తే, చెప్పి తీరాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆన్‌లైన్ రివ్యూలకు 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా వచ్చింది, కానీ అది ఇష్టమున్నవాళ్లే పాటించేదిగా పెట్టారు. దాని మీద నాకు పెద్ద ఆశల్లేవు.

పోలీసుల దాకా వెళ్లాల్సింది ఎప్పుడు? సినిమా బాగోలేదనడం, హీరోను వెటకారం చేయడం నేరం కాదు. నొచ్చుకునేలా ఉన్న ఆన్‌లైన్ రాతలను నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. భాష, కులం, మతం పేరు చెప్పి జనాల మధ్య శత్రుత్వం రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ ఉంది. ఎవరి ఇంటి చిరునామానో, ఆడపిల్ల మార్ఫింగ్ ఫొటోనో పెడితే ఆలోచించకుండా వెళ్లాలి. జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఇంటినుంచే ఫిర్యాదు చేయొచ్చు. 1930 నంబరు డబ్బు మోసాలకు, దీనికి కాదు.

వెళ్లేముందు పోస్టు లింకు, ఖాతా పూర్తి పేరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. వాట్సాప్ సందేశమైతే డిలీట్ చేయకండి, అదే ఆధారం. ఒక్క విషయం మనకు మాత్రమే వర్తిస్తుంది. స్టేషన్‌లో ఉన్న అధికారికి తెలుగు చదవడం రాకపోవచ్చు. ఆ పోస్టులో ఏముందో ఒడియాలోగానీ ఇంగ్లీషులోగానీ ఉన్నదున్నట్టు, బూతులతో సహా, ఒక కాగితం మీద రాసి ఫిర్యాదుకు జతచేయండి. మర్యాదకోసం మాట మెత్తబరిస్తే అక్కడ కేసే ఉండదు.